ముప్ఫై డాలర్ల టికెట్, ముకుతాడు లేని ఎడ్లు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? వెనక గుర్రుమని సౌండ్ వస్తే అది సముద్రం అనుకోకండి, పక్కింటివాళ్ళ బోరు మోటారు. ప్రస్తుతం మన వైజాగ్‌లోనే ఉన్నాను. పెదవాల్తేరులో మా డాబా మీద కూర్చుని ఈ వాయిస్ ఓవర్ చెప్తున్నాను. వీడియో మాత్రం అమెరికాలో తీసింది. అమ్మానాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు తీసినవి ఫోన్లో అలాగే పడున్నాయి. నిన్న గాజువాక నుంచి పిన్ని వచ్చి, "మీ నాన్న అమెరికాలో ఎడ్లు తోలాడంట కదే, వీడియో ఏదీ?" అని పట్టుకుంది. నాన్న తోలలేదండీ. ఆయన వీధి చివర చెప్పొచ్చేసరికి తోలినట్టయింది. ఇంకో వారం వదిలేస్తే అక్కడ దున్నించి, నాట్లు కూడా వేయించేస్తారు. అందుకే అసలు జరిగింది జరిగినట్టు పెట్టేస్తున్నాను.

మేముండేది మసాచుసెట్స్‌లో, ష్రూస్‌బరీ అనే ఊళ్ళో. అక్కడి నుంచి కారులో ఓ అరగంట పైచిలుకు వెళ్తే స్టర్‌బ్రిడ్జ్ వస్తుంది. ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ అని అక్కడొక మ్యూజియం. మ్యూజియం అంటే మన బీచ్ రోడ్డు విశాఖ మ్యూజియంలా అద్దాల బీరువాలు, "ముట్టుకోరాదు" బోర్డులు కాదు. 200 ఎకరాల పైన ఒక పల్లెటూరే ఉంటుంది. 1830ల్లో న్యూ ఇంగ్లాండ్ పల్లె ఎలా ఉండేదో అలాగన్నమాట. 40కి పైగా పాత కట్టడాలున్నాయి. వాటిలో చాలావాటిని ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. దుకాణం వెర్మాంట్ రాష్ట్రంలోని డమ్మర్‌స్టన్‌ది, బ్యాంకు కనెక్టికట్‌లోని థాంప్సన్‌ది. ఆ కాలపు బట్టలు వేసుకున్న మనుషులు వాటిలో ఆ కాలపు పనే చేస్తుంటారు. నటించడం కాదు, కమ్మరి నిజంగానే ఇనుము కాల్చి కొడతాడు. రేకు పనివాడు లాంతర్లు చేస్తాడు. నీటి చక్రంతో పిండి మర తిరుగుతుంది.

దీని వెనక కథ కూడా సరదాగా ఉంటుంది. వెల్స్ కుటుంబం అని, పక్క ఊళ్ళో అమెరికన్ ఆప్టికల్ అనే కళ్ళజోళ్ళ కంపెనీ వాళ్ళది. ఆ అన్నదమ్ములకి పాత సామాన్ల పిచ్చి. నాగళ్ళు, గడియారాలు, కుండలు, ఏది కనిపిస్తే అది కొని ఇంట్లో పెట్టడం. చివరికి ఇల్లు చాలక ఊరే కట్టి, 1946లో జనానికి తెరిచారు. మా అమ్మలాంటి ఇల్లాలు ఒక్కరున్నా ఆ సామానంతా పాత ఇనుము వాడి బండెక్కేసేది.

టికెట్ సంగతి. పెద్దవాళ్ళకి ముప్ఫై డాలర్లూ చిల్లర, వయసు పైబడినవాళ్ళకి కాస్త తగ్గిస్తారు. డాలరు తొంభై వేసుకోండి, మనిషికి 2,700 దాటింది. పాప కాక పెద్దవాళ్ళమే నలుగురం వెళ్ళాం. నాన్న గేటు దగ్గరే నిలబడి లెక్క వేసేశారు. "పదివేలా? పల్లెటూరు చూడ్డానికా? చోడవరం బస్సెక్కితే వందలోపు అయిపోద్ది కదే." మా ఆయన అప్పటికే ఆన్‌లైన్లో కొనేశారు కాబట్టి బతికిపోయాం. పార్కింగ్ ఫ్రీ అని చెప్తే కొంచెం శాంతించారు.

ఇక్కడ నాన్న గురించి కాస్త చెప్పాలి. ఆయన పోర్టులో రిటైరయ్యారు గానీ పుట్టి పెరిగింది చోడవరం దగ్గర పల్లెలో. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి హాల్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవారు. రోడ్డు మీద చూడ్డానికి ఏమీ ఉండదు. మధ్యాహ్నం పూట మనిషనేవాడు కనపడడు, పోస్టు బండి వస్తే అదే సందడి. నేనూ మా ఆయనా మీటింగుల్లో, పాప స్కూల్లో. అమ్మకి వంటిల్లు ఉంది. నాన్నకి ఏముంది? "బాగానే ఉంది తల్లీ" అనేవారు. ఆ మాట ఎలాంటి మాటో తల్లిదండ్రుల్ని తెచ్చుకున్న వాళ్ళందరికీ తెలుసు.

సరే, లోపలికి వెళ్దాం. ముందు ఒక ఇంట్లో పొయ్యి దగ్గర ఒకావిడ వంట చేస్తోంది. గోడలోనే పెద్ద పొయ్యి, దానిలో ఇనుప కొక్కేనికి వేలాడే గిన్నె. అమ్మ అక్కడే పది నిమిషాలు నిలబడిపోయింది. పొగ పైకి ఎలా లాగేస్తోందో వంగి వంగి చూసింది. ఆవిడ ఎంతో ఓపిగ్గా కుంపటి, బొగ్గులు, రొట్టె కాల్చే పద్ధతి అన్నీ చెప్పింది. అంతా విని అమ్మ నా చెవిలో అడిగిన ప్రశ్న ఒక్కటే, "మనకేమైనా పెడతారా?" పెట్టలేదండీ. ఆ వాసనకి ఆకలేసి బయటికొచ్చి, అక్కడి హోటల్లో శాండ్‌విచ్‌లు కొని, బ్యాగులోంచి తెచ్చుకున్న పులిహోర కూడా తిన్నాం.

ఏసా నైట్ స్టోర్ అని ఊరి మధ్యలో దుకాణం ఉంది. ఇది అమ్మకి బాగా నచ్చింది. పింగాణీ, గుడ్డల తానులు, టీ పొడి, పంచదార, నీలిమందు, అన్నీ అరల్లో సర్ది ఉన్నాయి. ఖాతా పుస్తకం కూడా ఉంది. అప్పట్లో అక్కడి ఆడవాళ్ళు, పిల్లలు క్యూబా నుంచి వచ్చిన ఈత జాతి ఆకుల్ని ఇంటికి తీసుకెళ్ళి, టోపీలు అల్లి దుకాణానికి ఇచ్చేవారట. చేతికి డబ్బు రాదు. ఖాతాలో జమ అవుతుంది, దానికి సరిపడా సామాను తీసుకోవాలి. అమ్మది పలాస. "జీడి పిక్కలు కొట్టినోళ్ళ బతుకులాగే ఉంది, అక్కడ కిలో లెక్క, ఇక్కడ టోపీ లెక్క" అంది. అక్కడున్న గైడుకి అది ఇంగ్లీషులో చెప్తే ఆవిడ చాలా సంతోషపడి ఇంకో పావుగంట మాట్లాడింది. మా పాప అప్పటికి బెల్లం మిఠాయి కోసం ఏడుపు మొదలెట్టింది.

బ్యాంకు చిన్న గది, కానీ నాకు అదే నచ్చింది. 1830ల్లో అమెరికాలో ప్రభుత్వం వేసిన కాగితం నోట్లు లేవు. ఏ ఊరి బ్యాంకు నోట్లు ఆ బ్యాంకే అచ్చేసుకునేది. దూరపు ఊరి నోటు పట్టుకెళ్తే వర్తకుడు ఆ బ్యాంకు సంగతి తెలియదని కొంత కోసుకుని తీసుకునేవాడు. అంటే పక్క రాష్ట్రానికి వెళ్ళినా మారకం రేటు టెన్షనే. ఇక్కడ పదేపదే తొంభైతో గుణించుకునే నాకు వాళ్ళ మీద జాలేసింది.

చెరువు పక్కన నడుస్తుంటే మా ఆయన ఒక కథ చెప్పారు, వీడియోకి సంబంధం లేకపోయినా చెప్పేస్తా. ఆ రోజుల్లో ఇక్కడివాళ్ళు శీతాకాలంలో చెరువులు గడ్డకడితే ఆ మంచుని రంపాలతో దిమ్మలుగా కోసి దాచేవారు. ఫ్రెడరిక్ ట్యూడర్ అని బోస్టన్ వ్యాపారి 1833లో దాన్ని ఓడకెక్కించి కలకత్తా పంపాడు. 180 టన్నులు బయల్దేరితే నాలుగు నెలల ప్రయాణంలో కరిగిపోగా 100 టన్నుల దాకా చేరింది. తర్వాత మద్రాసుకీ వచ్చింది. మెరీనా బీచ్ దగ్గర ఐస్ హౌస్ అంటారే, అది ఆ మంచు దాచిన గోదామే. నాన్న పోర్టు మనిషి కదా, వెంటనే, "కలకత్తా వెళ్ళిందంటే మన డాల్ఫిన్స్ నోస్ చూసుకుంటూనే వెళ్ళుంటాది. ఒక దిమ్మ దింపితే ఏం పోయింది?" అన్నారు. ఆ రోజు ఆయన వేసిన మొదటి జోకు అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఫ్రీమన్ ఫార్మ్ అని ఒక కమతం ఉంది. కంచె అవతల ఒకాయన ఎర్రటి ఎడ్ల జతని బండికి కట్టి తీసుకెళ్తున్నాడు. నాన్న ఆగిపోయారు. అప్పటిదాకా చేతులు వెనక్కి కట్టుకుని మా వెనక నడుస్తున్న మనిషి కంచె దాకా వెళ్ళి, రెండు చేతులూ కర్ర మీద పెట్టి, కళ్ళు చికిలించి చూశారు. "అమ్మడూ, వీటికి ముకుతాడు లేదేటే?"

నిజమే, లేదు. పగ్గాలూ లేవు. మనవాళ్ళు బండి మీదో వెనకో ఉండి తోలుతారు. ఈయన ఎడమ ఎద్దు భుజం పక్కనే నడుస్తున్నాడు, చేతిలో సన్నటి కర్ర. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి, "వో" అంటే ఆగిపోతున్నాయి. నాన్న అడగమంటే నేను అడిగాను. ముకుతాడుకి ఇంగ్లీషు మాట తట్టక ముక్కు పట్టుకుని లాగి చూపించాను, ఆయన నవ్వి అర్థం చేసుకున్నాడు. దూడలుగా ఉన్నప్పుడే వాటికి సరిపడా చిన్న కాడి వేసి మాటకి అలవాటు చేస్తారట. పెద్దయ్యాక అన్నీ మాట మీదే.

తర్వాత కాడి దగ్గరికొచ్చారు. మన ఎడ్లకి మూపురం ఉంటుంది కాబట్టి కాడి దాని ముందు ఆనుతుంది, బరువు అక్కడ పడుతుంది. వాళ్ళ ఎడ్లకి మూపురం లేదు, వీపు చదునుగా ఉంది. మరి కాడి జారిపోదా? జారకుండా హికరీ అనే గట్టి కర్రని వంచి మెడ కింద నుంచి తెచ్చి, దాని రెండు కొసలూ కాడికున్న రంధ్రాల్లోంచి పైకి లాగి చీల వేస్తారు. నాన్న కంచె మీదుగా వంగి ఆ వంపు మీద వేలితో రాసి చూశారు. ఎక్కడైనా పెచ్చు లేచిందా, మెడకి ఒరుసుకుంటోందా అని. లేదు. నున్నగా ఉంది. "బాగా చేశాడు" అన్నారు. మా నాన్న నోటివెంట మెప్పు అంత తేలిగ్గా రాదు, నేను ఇంజినీరింగ్ పాసైనప్పుడు కూడా "సరే" అన్నారంతే.

"దాపటిది ఏది, ఎలపటిది ఏది? మారుస్తారా?" అని అడగమన్నారు. మార్చరట. ఎడమ ఎద్దు ఎప్పటికీ ఎడమే, కుడిది కుడే. మారిస్తే రెండూ తికమక పడతాయట. నాన్న మా ఆయన వైపు తిరిగి, "చూశారా అల్లుడుగారూ, ఎక్కడైనా అంతే" అన్నారు, తానే నేర్పించినంత ధీమాగా.

ఇక నా అవసరం లేకుండా పోయింది. నాన్న ఇంగ్లీషు పోర్టు ఇంగ్లీషు. "బుల్లక్ లెగ్, ఐరన్ షూ, హౌ?" అంటే ఆయన చేతులతో చూపిస్తున్నాడు. ఎద్దు మూడు కాళ్ళ మీద నిలబడలేదు కాబట్టి పాత రోజుల్లో దాన్ని చెక్క చట్రంలోకి ఎక్కించి, పొట్ట కింద పట్టీ వేసి ఎత్తి నాడాలు కొట్టేవారట. నాన్న మన పద్ధతి చూపించారు. తాడేసి పడుకోబెట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టడం. అది చూపించడానికి తన రెండు మణికట్లూ దగ్గరపెట్టి, నా చున్నీతో కట్టించుకున్నారు. చుట్టూ నలుగురైదుగురు తెల్లవాళ్ళు చేరి చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ ఆయన కూడా ఇక్కడి స్టాఫా అని నన్ను అడిగింది. మా నాన్న అని చెప్పాను. ఎందుకో గొంతు కొంచెం పట్టేసింది, వీడియోలో వినిపిస్తుంది, కట్ చేయలేదు.

నాకు ఈ ఊళ్ళో ప్రతి దాని ముందూ బోర్డు కావాల్సొచ్చింది. ఆయనకి అక్కర్లేదు. రాళ్ళ గోడ కట్టిన ఖాళీ దొడ్డి ఒకటుంది, నేను ఏమిటా అని బోర్డు వెతుకుతుంటే, "బందెలదొడ్డి" అన్నారు నడుస్తూనే. చేలో పడ్డ పశువుల్ని పట్టి అందులో వేస్తే, సొంతదారు జరిమానా కట్టి విడిపించుకోవాలి. అచ్చం అదే. "మన బీచ్ రోడ్డు మీద పడుకునే ఆవులకి కూడా ఒకటి కట్టాలి" అని అమ్మ తన వాటా వేసింది.

వచ్చేటప్పుడు గిఫ్ట్ షాపులో అక్కడి కుమ్మరి చేసిన ఎర్రమట్టి కప్పు ఒకటి తీసుకున్నాను. ముప్ఫై, నలభై డాలర్ల మధ్య. రూపాయల్లో చెప్పను, నాన్న ఈ వీడియో చూస్తారు.

ఇంతవరకూ చెప్పేసరికి కిందనుంచి బాబాయి పైకొచ్చి కూర్చున్నారు. "ఇవన్నీ వాళ్ళు దాచుకున్నారు. మన వైజాగ్‌లో 1830 నాటి ఊరు కడితే ఏం పెడతావే?" అని అడిగారు. మంచి ప్రశ్నే. అప్పటి వైజాగ్ అంటే దంతపు పనికి పెట్టింది పేరు. గంధపు చెక్క పెట్టెలకి ఏనుగు దంతం రేకులు తాపడం చేసి, దాని మీద సన్నగా పువ్వులు, ఇళ్ళు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కంపెనీ దొరలు ఎగబడి కొనుక్కుని పట్టుకుపోయారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో "వైజాగపటం" అని మన ఊరి పేరుతోనే ఉంటాయి. దంతం పని పోవడమే మంచిదైంది, ఏనుగులు బతకాలి. కానీ ఆ పనివాళ్ళు పాత ఊళ్ళో ఏ వీధిలో కూర్చునేవారో, ఏం కూలి తీసుకునేవారో చూపించే గది ఒక్కటైనా ఉండాలి కదా. మసాచుసెట్స్ కమ్మరి కొలిమి ఏ ఊరి నుంచి వచ్చిందో నేను చెప్పగలను. కురుపాం మార్కెట్ వెనక సందుల్లో ఎవరేం చేసేవారో చెప్పలేను. నాకిది కాస్త మంటగానే ఉంది.

బాబాయి అంత దూరం ఆలోచించరు. "ఏటికొప్పాక ఉంది కదే, టికెట్ కూడా లేదు" అన్నారు. అది నిజం. లక్క బొమ్మలు చేసే ఊరు, వరాహ నది ఒడ్డున, వైజాగ్‌కి అరవై, డెబ్భై కిలోమీటర్లు. అంకుడు కర్రని తిప్పుడు యంత్రం మీద పెట్టి, తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. 2017లో జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ ఎవరూ పాతకాలం బట్టలు వేసుకుని ఉండరు, నైటీల్లో, లుంగీల్లో ఉంటారు. చేసిన బొమ్మ అమ్ముడైతేనే ఇల్లు గడుస్తుంది. బేరం ఆడకుండా కొనండి అని నా మాటగా చెప్తున్నా.

ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. ఏడు సీట్ల బండి మాట్లాడాం, ఇప్పటికే ఎనిమిది మంది తేలారు. పిన్ని మాడుగుల వైపు తిప్పమంటోంది, హల్వా కొనాలట, అది ఈ దారే కాదు. నాన్నేమో దారిలో ఎక్కడైనా ఎడ్ల జత కనిపిస్తే బండి ఆపాలని షరతు పెట్టారు. అమెరికా కాడి ఫోటో ఫోన్లో పెట్టుకున్నారు, రైతుకి చూపించాలట. ఇప్పుడు దారుల్లో ట్రాక్టర్లే గానీ ఎడ్లెక్కడ అంటే వినడం లేదు. ఏమవుతుందో వచ్చే వీడియోలో పెడతా. కింద కామెంట్లలో ఎవరైనా అనకాపల్లి చుట్టుపక్కల ఎడ్లున్న ఊరు చెప్తే మా డ్రైవర్ మీకు రుణపడి ఉంటాడు.