లండన్ కుక్కల పందేలు, పెట్టె ఎక్కి ధర కేకేసిన బుకీలు

అందరికీ నమస్కారం. లండన్‌లో కుక్కల పందేలు జరుగుతాయట కదా, ఒకసారి చూపించమని తణుకులో ఉన్న మా చిన్నాన్న చాలాకాలంగా అడుగుతున్నారు. గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్లకు పోలీసు దళమే తలపుకు వస్తుంది. ఆ పేరు గల అసలు జంతువును ఈరోజు రామ్‌ఫర్డ్ ట్రాక్‌లో దగ్గరగా చూపిస్తాను. లోపలికి అతుక్కుపోయిన పొట్ట, లోతైన ఛాతీ, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, అంత వేగం దాచుకున్నట్టు ఏమాత్రం కనిపించని నెమ్మదైన చూపు దీని లక్షణాలు. పందానికి ఆరు కుక్కలుంటాయి. ఒకటో నంబరుకు ఎర్ర చొక్కా, రెండుకు నీలం, మూడుకు తెలుపు, నాలుగుకు నలుపు, అయిదుకు నారింజ, ఆరుకు నలుపు తెలుపు చారలు. ఏ ఊరి ట్రాక్‌కు వెళ్లినా ఈ రంగులు మారవు. అందువల్ల కుక్క పేరు తెలియనివారు కూడా రంగు పేరు పెట్టి అరవవచ్చు.

రామ్‌ఫర్డ్‌లో మామూలు పందెం దూరం 400 మీటర్లు. కుక్కలను నిలిపిన డబ్బాల తలుపులు పైకి లేచిన క్షణం నుంచి పాతిక సెకన్ల లోపల అంతా ముగిసిపోతుంది. నేను రెండు పౌండ్లు, అంటే సుమారు 230 రూపాయలు, చారల చొక్కా మీద కాశాను. అది నాలుగో స్థానంలో వచ్చింది. నాకు వెలితిగా తోచినది ఆ డబ్బు కాదు. చుట్టూ ఉన్నవారిలో చాలామంది ఫోనులోనే పందెం కాసి, ఫోనులోనే గెలిచి, ఫోనులోనే ఓడిపోతున్నారు. వెనుకటి తరం వాళ్లు చెప్పే బుకీల వరుస, ఆ కేకలు, ఆ తొక్కిసలాట ఇప్పుడు లేవు. ఈ దేశం వచ్చాక నాకు అన్నిటికన్నా లోటుగా అనిపించేది జనసందడి. సాయంత్రం ఏడు గంటలకే తలుపులు మూసుకునే ఈ వీధులలో ఒకప్పుడు వేలమంది భుజం భుజం రాసుకుంటూ నిలబడిన చోట్లు ఉన్నాయని తెలిసినప్పటి నుంచి, నేను చూడని ఆ కాలం మీద నాకు బెంగ పట్టుకుంది.

ఆ కాలానికి ఒక తేదీ ఉంది. 1926 జూలై 24న మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో, బ్రిటన్‌లో తొలిసారిగా అండాకారపు ట్రాక్ మీద యంత్రపు కుందేలు వెంట గ్రేహౌండ్లు పరుగెత్తాయి. ఆ యంత్రాన్ని రూపొందించిన ఓవెన్ పాట్రిక్ స్మిత్ అమెరికా దేశస్థుడు. మొదటిరోజు వచ్చినవారు 1,700 మందే అయినా, మరుసటి ఏడాదికి లండన్‌లో 1908 ఒలింపిక్స్ కోసం కట్టిన వైట్ సిటీ మైదానం కుక్కల పందేలకు నెలవైంది. ఇంత త్వరగా జనం ఎగబడడానికి కారణం చట్టంలోనే ఉంది. 1906 చట్టం ప్రకారం వీధిలో నగదు పందెం కాయడం నేరం. పందెం జరిగే మైదానంలో కాస్తే తప్పులేదు. గుర్రప్పందేలు ఊళ్లకు దూరంగా, పనివేళల్లో, పగటిపూట జరిగేవి. కుక్కల పందేలు నగరం నడిబొడ్డున, కర్మాగారాలు వదిలాక, కరెంటు దీపాల వెలుగులో జరిగేవి. పని నుంచి ఇంటికి వెళ్తున్న కార్మికుడు, జేబులో రెండు షిల్లింగులున్నా చాలు, చట్టానికి భయపడకుండా ఒక సాయంత్రం దొరలాగా గడపగలిగే చోటు ఇదొక్కటే.

ట్రాక్ పక్కన బుకీ ఎలా పనిచేసేవాడో నాకు విప్పి చెప్పినవారు మా వీధిలో ఉండే, ఎనభై ఏళ్లు దాటిన ఇంగ్లీషు పెద్దాయన. యౌవనంలో వాల్తమ్‌స్టో ట్రాక్‌లో ఒక బుకీ దగ్గర గుమాస్తాగా చేశారు. ఆయన అటక మీద నుంచి దింపి చూపించిన తోలు సంచిని మీకు దగ్గరగా చూపిస్తున్నాను. దాని మూతి మనిషి చేయి చూడకుండా దూర్చగలిగేంత వెడల్పుగా ఉంది. ముందువైపు యజమాని పేరు పెద్ద అక్షరాలతో రంగుల్లో రాయించారు, ఇప్పుడు సగమే కనిపిస్తోంది. లోపలి పట్టీ చిల్లర నాణేల బరువుకు సాగిపోయి, అడుగున నల్లబడి ఉంది. బుకీ చిన్న పెట్టె మీద నిలబడి, బోర్డు మీద ఒక్కొక్క కుక్క ధర సుద్దతో రాస్తూ, చెరిపేస్తూ, అరుస్తూ ఉండేవాడట. రెండుకు అయిదు అన్నాడంటే రెండు పౌండ్లు కాస్తే గెలుపు అయిదు, అసలుతో కలిపి చేతికొచ్చేది ఏడు. మనిషి డబ్బు అందించగానే నంబరున్న రంగు అట్టముక్క ఇచ్చి, ఆ నంబరు, సొమ్ము, చెల్లించవలసినది నోటితో పలికేవాడు. పక్కనున్న గుమాస్తా తలెత్తకుండా పెద్ద పుస్తకంలో ఎక్కించేవాడు. తలుపులు లేవడానికి ముందున్న రెండు నిమిషాలలోనే సగానికి పైగా పందేలు వచ్చిపడేవని, ఆ హడావుడిలో ఒక్క అంకె తప్పినా యజమాని జేబుకే చిల్లు పడేదని ఆయన గర్వంగా చెప్పారు.

ఒకే కుక్క మీద డబ్బు ఎక్కువగా పడితే బుకీ ఆ భారం కొంత మరో బుకీ మీదికి నెట్టాలి. ఆ గోలలో మాట వినిపించదు కనుక టిక్‌టాక్ మనుషులు అని ఒక తెగ ఉండేది. వీరు తెల్ల చేతిగ్లౌజులు వేసుకుని, ఎత్తు మీద నిలబడి సైగలతో ధరలు పంపేవారు. కుడిచేతిని ఎడమ మణికట్టు మీద పెడితే నాలుగుకు అయిదు, భుజం మీద పెడితే నాలుగుకు ఏడు, రెండు చేతులూ నడినెత్తిన పెడితే నాలుగుకు తొమ్మిది. పెద్దాయన తన వంటగదిలో నిలబడి ఇవి చూపిస్తుంటే, ఆ చేతుల వేగం ఆ వయసు మనిషిదిగా లేదు. సంక్రాంతికి భీమవరం వైపు బరి చుట్టూ పైపందేలు కాసేవారు వేళ్లు చూపించి, కళ్లతోనే ఒప్పందం కుదుర్చుకోవడం చూసినవారికి ఈ విద్య వెంటనే అర్థమవుతుంది.

ఆ రోజులలో ఈ పందేలకు ఎంత పలుకుబడి ఉండేదో రెండు సంగతులు చాలు. ఐర్లండ్‌లో ఒక పాదిరి గారి కుక్కగా మొదలైన మిక్ ద మిల్లర్ 1929, 1930లలో కుక్కల పందేలలో అన్నిటికన్నా పెద్దదైన డెర్బీని వరుసగా గెలిచి సినిమా తారలతో సమానమైన పేరు తెచ్చుకుంది. 1966లో ప్రపంచ ఫుట్‌బాల్ కప్ జరుగుతున్నప్పుడు వెంబ్లీ స్టేడియం యజమానులు తమ కుక్కల పందేల సాయంత్రాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. ఉరుగ్వే, ఫ్రాన్స్ మ్యాచ్‌ను వైట్ సిటీకి తరలించవలసి వచ్చింది.

పక్కదారి అయినా, 1964 జూన్ 30న డాగెన్‌హామ్ ట్రాక్‌లో జరిగినది చెప్పకుండా ఉండలేను. టోట్ అంటే బుకీతో పని లేకుండా, అందరి పందెం సొమ్మూ ఒకచోట చేర్చి గెలిచిన టికెట్లకు పంచే పద్ధతి. ఒక ముఠా మనుషులు టోట్ కిటికీలన్నిటి దగ్గరా వరుసకట్టి, పనికిరాని టికెట్లు కొంటూ వేరెవరినీ దగ్గరికి రానివ్వలేదు. మొదటి రెండు స్థానాలలో వచ్చిన జంట మీద ఒక్కటంటే ఒక్క టికెట్టే అమ్ముడైంది. రెండు షిల్లింగుల ఆ టికెట్టుకు చెల్లింపు 987 పౌండ్ల 11 షిల్లింగుల 9 పెన్నీలుగా తేలింది. నేటి మారకంలో వేసినా లక్షా పదమూడు వేల రూపాయలు దాటుతుంది, అరవై ఏళ్ల కిందటి విలువ అంతకు ఎన్నో రెట్లు. అదే జంట మీద ముఠా బయటి బెట్టింగ్ దుకాణాలలో టోట్ ధరకే ముందుగా పందేలు కాసి పెట్టుకుంది. బుకీలు చెల్లించడానికి నిరాకరించారు, వ్యవహారం కోర్టుకు ఎక్కింది.

ఆ బయటి దుకాణాలే చివరకు ట్రాక్‌ల ఆయువు తీశాయి. 1960 చట్టంతో, 1961 మే నుంచి వీధి వీధినా బెట్టింగ్ దుకాణాలు చట్టబద్ధంగా తెరుచుకున్నాయి. వానలో ట్రాక్ దాకా వెళ్లవలసిన అవసరం తీరిపోయింది. ఇంతలో నగరం మధ్యనున్న ఆ స్థలాల ధర ఆకాశానికి ఎక్కింది. వైట్ సిటీ 1984లో మూతపడింది. హారింగే 1987లో మూతపడి, ఇప్పుడు అక్కడ సూపర్‌మార్కెట్ ఉంది. వింబుల్డన్ 2017లో పోయింది. క్రేఫర్డ్ 2025 జనవరిలో ముగియడంతో లండన్‌కు రామ్‌ఫర్డ్ ఒక్కటే మిగిలింది. పెద్దాయన పట్టుబట్టి నన్ను వాల్తమ్‌స్టో తీసుకెళ్లారు. బుకీగా పైకొచ్చిన విలియం చాండ్లర్ 1933లో తెరిచిన ఆ ట్రాక్ 2008 ఆగస్టు 16న చివరి పందెం చూసింది. నియాన్ అక్షరాల ముఖద్వారాన్ని రక్షిత కట్టడంగా నిలిపి, వెనుక ఇళ్లు కట్టేశారు. తాను కూర్చున్న చోటు ఎక్కడో ఆ ఇళ్ల మధ్య వెతికి, పిల్లల ఉయ్యాలల దగ్గర ఆగి, ఇక్కడేనని ఆయన రూఢిగా చెప్పారు.

ఆ కుక్కలకు తరువాత ఏమవుతుందని చిన్నాన్న అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్న. మలుపులలో పడి కాళ్లు విరిగినవి, పరుగు తగ్గాక దిక్కులేనివైనవి ఎన్నో ఉన్నాయి. వేల్స్ ప్రభుత్వం 2025లో ఈ పందేలను నిషేధిస్తామని ప్రకటించింది, ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. నాకు బెంగ ఆ జనం మీద, సుద్దముక్క పట్టుకుని మనిషి కళ్లలోకి చూస్తూ ధర చెప్పిన ఆ బుకీ మీద. పందేల నుంచి తప్పించిన కుక్కలను పెంపకానికి ఇచ్చే సంస్థలు ఇక్కడ చురుకుగా పనిచేస్తున్నాయి. మా పార్కులో ఉదయం నడకకు వచ్చే గ్రేహౌండ్లలో చాలావరకు అటువంటివే.

వచ్చే వీడియోలో ట్రింగ్ వెళ్తున్నాము. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో మిక్ ద మిల్లర్ శరీరాన్ని భద్రపరిచారు. ప్రవేశం ఉచితం, లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రైలు ఉంది. పెద్దాయన కూడా వస్తానన్నారు, తోలు సంచి వెంట తెస్తారట.