తలూపినా చేసినట్టే: బరంపురం పట్టు దుకాణంలో పతంజలి

వ్యాఖ్యాత: నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ మాట్లాడుతూ పెరిగిన ఊరు ఇది. ఈ రోజు మనతో ఉన్నవారు ఇక్కడి బడిలో సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు. సాయంత్రాలు తమ ఇంటి డాబా మీద యోగసూత్రాలు చదివిస్తారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పట్టుచీరల వ్యాపారులు, మగ్గం నేసేవాళ్లు. మాస్టారూ, ఆసనాలు నేర్పమని అడగరా వాళ్లు?

మాస్టారు: అడుగుతారమ్మా. నేర్పుతాను కూడా. అయితే పతంజలి సూత్రాలు మొత్తం 195, కొన్ని ప్రతుల్లో 196. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. ముందున్నవి యమ నియమాలు. అహింస, సత్యం, అస్తేయం అంటే దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం, ఈ అయిదూ యమాలు. వీటిలో మన స్థితి ఏమిటో తోటి మనిషితో మెలిగేటప్పుడే బయటపడుతుంది. చాప మీద ఒక్కడే కూర్చున్నవాడికి అబద్ధమాడే అవసరం ఏముంటుంది? గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి గంటకొకసారి వస్తుంది.

వ్యాఖ్యాత: అయితే గల్లాపెట్టె దగ్గరికే వెళదాం.

మాస్టారు: మన బరంపురం పట్టుచీర అంచు చూశావు కదా. గుడి గోపురాల్లాగా కొసలు తేలిన కుంభాలు వరసగా నిలబడి ఉంటాయి. ఫోడా కుంభం అంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. మగ్గం మీద ఆ కొసలు తీరుగా తేలడానికి ఎంత ఓర్పు కావాలో నేసిన చేతికే తెలుసు. అదే బీరువాలో పక్కన మరమగ్గం చీర కూడా ఉంటుంది. కొనడానికి వచ్చిన తల్లి అడుగుతుంది, 'ఇది చేనేతేనా బాబూ?' అని. యజమాని విననట్టు టీ తాగుతుంటాడు. పనికుర్రాడు 'అచ్చంగా చేనేతేనమ్మా' అంటాడు. పక్కన కూర్చున్న యజమాని బావమరిది తలూపుతాడు. ఇప్పుడు చెప్పమ్మా, అబద్ధమాడింది ఎవరు?

వ్యాఖ్యాత: నోరు తెరిచింది కుర్రాడొక్కడే.

మాస్టారు: యోగసూత్రాల రెండో అధ్యాయం, సాధనపాదంలో 34వ సూత్రం తీసి చూడు. కృతం, కారితం, అనుమోదితం అన్నాడు పతంజలి. తాను చేసింది, మరొకరి చేత చేయించింది, ఎవరో చేస్తుంటే సరేనన్నది. ముగ్గురూ ఒకే వరసలో ఉన్నారు. ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ లోభంతో కావచ్చు, కోపంతో కావచ్చు, మోహంతో కావచ్చు. మళ్లీ అది కొద్దిగా, ఒక మోస్తరుగా, తీవ్రంగా. ఇరవై ఏడు రకాలయ్యాయి. ఈ సూత్రాలకు వ్యాసుడి పేరుతో ఉన్న పాత వ్యాఖ్యానం, వ్యాసభాష్యం, ఇంకా విడదీసి 81 దాకా వెళ్లింది. ఇంత లెక్క ఎందుకని అడుగుతారు. మనిషి తప్పించుకోవడానికి వెతుక్కునే సందులు అన్ని ఉన్నాయి మరి. నన్నడిగితే ఆ ముగ్గురిలో కుర్రాడి మీద నాకు జాలి. జీతం పోతుందేమోనని అన్నాడు. టీ తాగుతున్న పెద్దమనిషికి మాత్రం రాత్రి హాయిగా నిద్ర పడుతుంది, తాను ఏమీ అనలేదు కనుక.

వ్యాఖ్యాత: వింటుంటే నాకు ఫోను గుర్తొస్తోంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఆడపిల్ల గురించి చులకనగా రాస్తారు. మిగతావాళ్లు ఒక్క మాటా రాయరు, నవ్వే బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

మాస్టారు: ఆ బొమ్మే అనుమోదితం! ఈ విషయంలో నేను గట్టిగా ఉంటానమ్మా. రాసినవాడు ఒక్కడు. నవ్విన ఇరవైమంది లేకపోతే వాడు రెండోసారి రాయడు.

వ్యాఖ్యాత: ఆ క్షణంలో ఆగడం ఎలా? ప్రతిపక్ష భావన అంటారు కదా, అది పుస్తకంలో చదివినప్పుడు తేలికగానే కనిపిస్తుంది.

మాస్టారు: చాలామంది దాన్ని 'చెడ్డ ఆలోచన వస్తే మంచిది తలచుకో' అని చెప్పి వదిలేస్తారు. సూత్రం అంతకన్నా సూటిగా ఉంది. ఈ పని ఫలం దుఃఖం, అజ్ఞానం, అవి అంతులేనివి అని తలచుకోమంది. ఫలాన్ని కళ్లెదుటికి తెచ్చుకోవాలి. బొటనవేలు ఆ బొమ్మ మీదికి వెళ్లినప్పుడు, ఆ పిల్ల తల్లి ఈ గ్రూపు తెరిచి చదువుతున్నట్టు అనుకోండి. దుకాణంలో అయితే, ఆ చీర మొదటి ఉతుక్కి ఎలా ఉంటుందో అనుకోండి. వేలు దానంతటదే వెనక్కి వస్తుంది. ఒక్కోసారి రాదు. అప్పుడు కోప్పడి మొత్తం మానేయకూడదు. నేతలో పోగు తెగితే ముడివేసుకుని ముందుకు వెళతారు కానీ పడుగంతా కోసేయరు కదా. అభ్యాసం చాలాకాలం, ఎడతెగకుండా, గౌరవంతో చేస్తేనే గట్టిపడుతుందని మొదటి అధ్యాయం సమాధిపాదంలోనే ఉంది.

వ్యాఖ్యాత: నిజం చెబితే వ్యాపారం నష్టపోతుందని భయం ఉంటుంది. సత్యం స్థిరపడితే మాట ఫలిస్తుందని, అస్తేయం స్థిరపడితే రత్నాలన్నీ వచ్చి చేరతాయని పతంజలి అన్నాడు కదా. వాళ్లకు అది చెప్పి ధైర్యం ఇస్తారా?

మాస్టారు: ఇవ్వను. కొన్ని బేరాలు పోతాయి, అదే చెబుతాను. రత్నాల కోసం దొంగతనం మానేస్తే అక్కడ ఉన్నది లోభమే.

వ్యాఖ్యాత: 'ఈ ఒక్క సీజనూ పోనీండి మాస్టారూ' అనేవాళ్లు?

మాస్టారు: రెండేళ్లకొకసారి బుఢీ ఠాకురాణీ జాతర వస్తే ఊరంతా కిటకిటలాడుతుంది, కొనేవాళ్లూ పెరుగుతారు. ఆ మాట అప్పుడు వినబడుతుంది. పతంజలి దానికీ జవాబు పెట్టాడు. జాతి, దేశం, కాలం, సమయం అనే మినహాయింపులు లేనప్పుడే అది మహావ్రతం అన్నాడు. ఇక్కడ సమయం అంటే సందర్భం. వ్యాసుడు అక్కడ చెప్పిన ఉదాహరణ మనకు దగ్గరిది. చేపలు పట్టేవాడు చేపలను తప్ప మరే ప్రాణినీ హింసించను అనుకుంటాడు. ఇంకొకడు తీర్థంలో చంపను అంటాడు, మరొకడు చతుర్దశినాడు చంపను అంటాడు. గోపాలపురం తీరంలో వేట మీద బతికే మన తెలుగువాళ్లను ఈ సూత్రం తక్కువ చేస్తుందా అని ఒక కుర్రాడు అడిగాడు. నేను అలా చదవను. బతుకు కోసం తప్పనిది ఇంతవరకే అని గీత గీసుకున్నవాడు అప్పటికే అహింసలో ఉన్నాడు, అది పూర్తి కాలేదంతే. పట్టు వ్యాపారికి మాత్రం అబద్ధం తప్పనిసరి కాదు.

వ్యాఖ్యాత: నిజం చెబితే ఎదుటివాళ్లు నొచ్చుకునే సందర్భం వస్తే?

మాస్టారు: వచ్చిందమ్మా. మా పాఠానికి వచ్చే ఒక వ్యాపారి దగ్గరికి ఒక తల్లి చీర తెచ్చింది. వేరే ఊళ్లో కొన్నది. మర్నాడు కూతురి పెళ్లి. 'కాస్త చూసి చెప్పు బాబూ, పట్టేనా?' అంది. ఆయన కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లకు అందించాడు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిదను వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఆ పోగు కరిగి గట్టి పూసలా ముడుచుకుంది.

వ్యాఖ్యాత: అయ్యో. ఏం చెప్పాడు?

మాస్టారు: వెంటనే ఏమీ చెప్పలేకపోయాడు. నోటిదాకా వచ్చిన మాట 'మోసపోయారమ్మా, మా దగ్గరికి రాకపోయారా' అని. అది నిజమే. కానీ దాని వెనక ఏముంది? కాస్త లోభం, అవతలి దుకాణం మీద కాస్త కోపం. 34వ సూత్రం తనకు అక్కడ పనికొచ్చిందని నాతో అన్నాడు. సత్యం ప్రాణులకు మేలు చేసేదిగా ఉండాలని, చేటు చేస్తే అది సత్యమే కాదని వ్యాసభాష్యం చెబుతుంది. అలాగని పట్టేనని అబద్ధమాడటానికీ ఆయనకు మనసు ఒప్పలేదు. 'ఈ పోగు పట్టులా లేదమ్మా. చీర అందంగా ఉంది, రేపు పిల్లకు నిశ్చింతగా కట్టండి. బిల్లు జాగ్రత్తగా ఉంచండి, పెళ్లయ్యాక నేను తోడు వచ్చి మాట్లాడతాను' అన్నాడు.

వ్యాఖ్యాత: ఆమె ఏడ్చిందా?

మాస్టారు: కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత మంచినీళ్లు అడిగి తాగి వెళ్లింది. చెప్పకపోతే బాగుండేదని మా పాఠంలో సగంమంది వాదించారు. నేను ఒప్పుకోలేదు. ఆమె అడిగింది, తెలుసుకునే హక్కు ఆమెది. అడగకుండా పెళ్లి పందిట్లోకి వెళ్లి చెప్పి ఉంటే మాత్రం హింసే అనేవాణ్ని.

వ్యాఖ్యాత: శ్రోతలకు ఒక మాట. స్వచ్ఛమైన పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరువేరుగా ఉంటాయి. కొనేటప్పుడు రెండూ చూసుకోండి. మాస్టారూ, ఆ వ్యాపారి నిజంగానే తోడు వెళ్లాడా?

మాస్టారు: వెళ్లాడు. పోట్లాడలేదు, బిల్లు ముందుపెట్టి కూర్చున్నాడు. సగం డబ్బు తిరిగిచ్చారు. ఆ దుకాణం పేరు మాత్రం అడగకమ్మా, మా పాఠంలోనూ ఆయన చెప్పలేదు.

వ్యాఖ్యాత: అడగను మాస్టారూ. వచ్చే భాగంలో నియమాలు, అందులో సంతోషంతో మొదలుపెడదాం.