థర్మోకోల్ గోడకి అంతస్తు ఎలా పట్టుకుంటుంది?

అందరికీ నమస్కారం అండీ. ఇవాళ కెమెరా నేరుగా మేం కడుతున్న ఇంటి బేస్‌మెంట్‌లోకి తెచ్చేశాను. మొన్న వీడియో కాల్‌లో ఈ గోడలు చూపిస్తే నాన్న అన్న మొదటి మాట, "ఏమ్మా, థర్మోకోల్ మీద అంతస్తు ఎలా నిలబడుద్ది?"

నిలబడదు నాన్నా, అసలు దాని మీద పెట్టం. ఇదిగో, గోడ పైఅంచు చూడండి. ఇటు 2.5 అంగుళాల థర్మోకోల్, అటు 2.5, నడుమ 8 అంగుళాల కాంక్రీటు, అందులో కమ్మీలు. మామూలుగా కాంక్రీటు గట్టిపడ్డాక సెంట్రింగ్ ఊడదీస్తారు కదా. ఇక్కడ థర్మోకోలే సెంట్రింగ్. దాన్ని ఊడదీయరు, చలీ వేడీ ఆపడానికి అలాగే వదిలేస్తారు. మోసేదంతా నడుమనున్న కాంక్రీటే.

గోడ పొడుగునా కనిపిస్తున్న ఈ లావుపాటి చెక్క పేరు లెడ్జర్. జాయిస్టులన్నీ, అంటే నేలని మోసే దూలాలు, దీనికే తగులుకుంటాయి. థర్మోకోల్ మీదే దీన్ని ఆనించి పొడుగు బోల్టులు బిగిస్తే పోలా అని నేనూ అనుకున్నా. కుదరదండీ. ఆ 2.5 అంగుళాల మేర బోల్టు గాల్లో ఉన్నట్టే లెక్క. బరువు పడితే బోల్టు వంగుతుంది, దాంతో పాటే నేలా దిగుతుంది. అందుకని బోల్టు వచ్చే ప్రతిచోటా థర్మోకోల్‌ని గూడులా కోసేస్తారు. కాంక్రీటు పోసినప్పుడు ఆ గూట్లోకి పారి, చెక్క వీపుకి ఆనుకుని గట్టిపడుతుంది. కాంక్రీటు తగిలే చెక్క కాబట్టి కుళ్లకుండా మందు పట్టించినదే వాడాం. ఆ మందులో రాగి ఉంటుంది, మామూలు ఇనుముని తినేస్తుంది. బోల్టులూ, హ్యాంగర్లూ (అంటే జాయిస్టుని లెడ్జర్‌కి పట్టి ఉంచే ఇనుప తొడుగులు), మేకులూ అన్నీ మందంగా జింకు పూత వేసినవే తెచ్చాం.

ఇప్పుడు ఈ మూలకి రండి. కాంక్రీటు పోసిన వారానికి మా ఆయన లెడ్జర్ మీద సుత్తితో తట్టుకుంటూ వచ్చారు. అన్నిచోట్లా గట్టిగా టక్ టక్. ఇక్కడికొచ్చేసరికి బోలుగా డబ్ డబ్. నా గుండె జారిపోయింది. నట్లు విప్పి చెక్క పక్కకి తీస్తే గూట్లో సిమెంటు లేదు, ఒట్టి కంకర, తేనెపట్టులా కన్నాలు. కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటర్ ఈ మూలదాకా అందలేదన్నమాట. ఇంజనీరు గారు వచ్చి వదులు రాళ్లన్నీ గీకించి, గ్రౌట్ నింపించారు, అంటే ఆరినా కుంచించుకుపోని సిమెంటు ముద్ద. పక్కనే ఎపాక్సీ అనే గట్టి జిగురుతో ఇంకో బోల్టు దింపించారు. చెక్క మూసేసి ఉంటే పైకి ఏమీ కనపడేది కాదు. మీరు కడుతుంటే ఈ తట్టి చూడటం మాత్రం మానకండి.

హ్యాంగర్ల సంగతి ఒక్క ముక్కే. తయారీదారు మేకు వెయ్యమన్న ప్రతి కంతకీ మేకు పడాలి.

నేను అసలు చూపించాలనుకున్నది సబ్‌ఫ్లోర్ అంచు, అంటే జాయిస్టుల మీద పరిచే చెక్క షీట్ల అంచు. చెక్క షీటు గోడదాకా వచ్చి ఆగే ఈ చోటు. అంచు లెడ్జర్ మీదికి ఎక్కాలి, మేకు లెడ్జర్‌లోకే దిగాలి. కాస్త బయటికి పడితే మేకు థర్మోకోల్‌లోకి పోతుంది, అక్కడ దానికి పట్టు ఉండదు. జాయిస్టులతో సమాంతరంగా ఉన్న గోడకీ లెడ్జర్ వేసింది అందుకే. అటువైపు మొదటి జాయిస్టుకీ లెడ్జర్‌కీ మధ్య అడ్డచెక్కలు కూడా పెట్టాం. అంచున 6 అంగుళాలకో మేకు, షీటు నడుమ 12 అంగుళాలకోటి. షీటుకీ షీటుకీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు, చెమ్మకి ఉబ్బితే చోటుండాలిగా. కింద జిగురు కూడా పెడతాం. అది థర్మోకోల్‌ని కరిగించని రకమేనా అని డబ్బా మీద చదివి మరీ తెచ్చాను.

ఈ మేకుల గురించి ఇంత చెప్పడానికి కారణం బయట ఉంది, రండి. ఆ మట్టిగుట్ట అంతా గోడ చుట్టూ నింపాలి. నింపగానే మట్టి గోడని లోపలికి నెడుతుంది. గోడ తలని పట్టి ఆపేది ఈ చెక్క నేలే. ఇక భూకంపం లాంటిది వచ్చి గోడ బయటికి లాగితే లెడ్జర్ పొడుగునా చీలిపోవచ్చు. ఆ లాగుడు చెక్క మీద పడకుండా జాయిస్టుల నుంచి కాంక్రీటులోకి నేరుగా స్టీలు పట్టీలు వేశారు, అవిగో మెరుస్తున్నాయి.

ఇంకా రెండు వరసల షీట్లు మిగిలాయి. అవి అయ్యి, తనిఖీ అయ్యేదాకా ఒక్క పార మట్టి కూడా వెయ్యొద్దని చెప్పేశాం. మేకుల గన్ను మా ఆయన దగ్గరుంది, టేపు పట్టుకుని నేనూ వెళ్తున్నా.