మేయర్ కుర్చీకి ఓటు ఎవరిది?

అందరికీ నమస్కారమండి, టీ వచ్చేలోపు నా మాట ముగించేస్తా.

మన విశాఖలో 2000లో మేయర్‌కి మనమే నేరుగా ఓటేశాం, రాజాన రమణి గారు గెలిచారు, అంతకుముందు 1995లో సబ్బం హరి గారూ అలాగే గెలిచారు. తర్వాత చట్టం మార్చేశారు. ఇప్పుడు గాజువాకలోనో మధురవాడలోనో మనం కార్పొరేటర్‌కి ఓటేసి ఇంటికొచ్చేస్తాం, మేయర్ ఎవరన్నది పార్టీ పెద్దలు తేలుస్తారు, కార్పొరేటర్లు చేతులెత్తుతారు.

2021లో 98 వార్డుల్లో వైసీపీకి 58 వచ్చాయి, గొలగాని హరి వెంకట కుమారి గారు మేయర్ అయ్యారు. నాలుగేళ్లు తిరిగేసరికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కార్పొరేటర్లు కండువాలు మార్చారు, క్యాంపులు నడిచాయి, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం నెగ్గింది. ఎన్ని ఓట్లతో అనుకున్నారు? సరిగ్గా 74, కార్పొరేటర్లతో పాటు ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలనీ కలిపి లెక్కేస్తే మూడింట రెండొంతులకి కావాల్సినవీ అన్నే! అందులో ఎక్స్ అఫీషియోలుగా, అంటే వార్డులో గెలవకుండా తమ పదవి వల్లే కౌన్సిల్‌లోకి వచ్చిన ఎమ్మెల్యేలు, ఎంపీల ఓట్లు కూడా ఉన్నాయి, అవి తీసేస్తే లెక్క చాలదు. ఏ పార్టీ అన్నది నాకనవసరం, రేపు ఇంకోళ్లొచ్చినా ఇదే చేస్తారు. వార్డులో ఒక్కరి ఓటూ అడగకుండా వచ్చినాయన నగరం మేయర్‌ని దించడమేంటండీ? సభకి రానివ్వండి, మాట్లాడనివ్వండి, ఓటు మాత్రం వద్దు.

డైరెక్ట్ ఎన్నిక పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయా అంటే, లేదు. మేయర్‌ది ఒక పార్టీ, కౌన్సిల్‌ది ఇంకో పార్టీ అయితే బడ్జెట్ దగ్గరే గొడవ మొదలవుద్ది. పైగా అసలు అధికారం మున్సిపల్ కమిషనర్ చేతిలో ఉంది, ఆయన్ని పంపేది రాష్ట్ర ప్రభుత్వం. లక్షల ఓట్లతో గెలిచిన మేయర్ ఒక కాలవ పూడిక తీయించడానికి కూడా కమిషనర్ సంతకం కోసం చూడాలంటే ఆ గెలుపెందుకు? కమిషనర్ మేయర్‌కి జవాబు చెప్పేలా చట్టం మారాలి, నాకు ముందు అదే కావాలి, నేరుగా ఎన్నిక దాంతోపాటే రావాలి.

మరి మేయర్ చెడిపోతే? మధ్యప్రదేశ్‌లో మున్సిపల్ అధ్యక్షుల్ని జనమే ఓటేసి దించిన సందర్భాలున్నాయి, బ్యాలెట్ మీద ఖాళీ కుర్చీ ఒకటి, మనిషి కూర్చున్న కుర్చీ ఒకటి గుర్తులు, నచ్చకపోతే ఖాళీ కుర్చీకి గుద్దడమే. అది మనకీ పెట్టొచ్చు, అప్పుడు కార్పొరేటర్లని క్యాంపులకి తిప్పే పని ఉండదు.

ఇంకోటండీ, ఐదేళ్లు నిండేలోపు ఎన్నిక జరిపి తీరాలని రాజ్యాంగం 243యూలో ఉంది. అయినా 2012 నుంచి 2021 దాకా మనకి కౌన్సిలే లేదు, అన్నేళ్లూ అధికారులే నడిపారు. ఎన్నికల తేదీ ప్రభుత్వం దయ మీద కాకుండా రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోనే ఉండాలి, వార్డుల విభజన, రిజర్వేషన్ల పని కూడా దానికే అప్పజెప్పాలి, ప్రతిసారీ వాయిదాలకి సాకు అక్కడే దొరుకుతోంది కాబట్టి.