8 కళల తేడా

అందరికీ నమస్కారం. కంటితో చూసిన అనుభవం, బుద్ధితో చేసిన తర్కం, ఈ రెండూ ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో ఈ రోజు మాట్లాడుకుందాం.

నిప్పు లేనిదే పొగ రాదంటాం. కొండ మీద పొగ కనబడగానే అక్కడ నిప్పుందని తేల్చేస్తాం. చూసింది పొగనే, నిప్పును ఎవరూ చూడలేదు. దీన్ని న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం, అనుమానం అంటుంది. అక్కడ ఆ మాటకు అర్థం తర్కంతో తెలుసుకోవడం. మన వాడుకలో అదే మాట సందేహమై కూర్చుంది!

ఇప్పుడు తిరగేసి అడుగుదాం. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? పొయ్యి దగ్గర రోజూ చూసేవాడు ఉంటుందనే అంటాడు. తార్కికులు అతని ముందు ఎర్రగా కాలిన ఇనుప గుండు పెట్టారు. నిప్పు ఉంది, పొగ లేదు. సూత్రం కాస్తా పోయింది. మరి పొయ్యిలో పొగ ఎందుకొచ్చినట్టు? కట్టె తడిది కాబట్టి. ఈ అదనపు షరతుకు 'ఉపాధి' అని పేరు పెట్టారు. గుండును చూడ్డానికి కన్ను చాలు. తడి కట్టె దాకా వెళ్లాలంటే 'ఎందుకు' అని అడగాలి.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ది. టెలిస్కోపు లేని రోజుల్లో టైకో బ్రాహే అనే ఖగోళ శాస్త్రవేత్త ఉత్త కంటితో, పెద్ద పెద్ద కోణమాపకాలతో ఏళ్ల తరబడి కుజుడి స్థానాలు రాసిపెట్టాడు. 1601లో ఆయన పోయాక ఆ చిట్టాలు కెప్లర్ చేతికొచ్చాయి. అన్నీ అంకెలే. కెప్లర్ కుజుడికి వృత్తాకారపు దారి ఒకటి అనుకుని లెక్క కట్టాడు. చాలాచోట్ల చక్కగా కుదిరింది. కొన్నిచోట్ల 8 కళల తేడా వచ్చింది. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ. 8 కళలంటే నిండు చందమామ వెడల్పులో సుమారు పావు వంతు. కొలతలో పొరపాటని సర్దేసుకోవచ్చు. కానీ టైకో అంత తప్పు చూసే మనిషి కాడని కెప్లర్‌కు తెలుసు. కష్టపడి కట్టిన లెక్కంతా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాడు. 1609లో అచ్చయిన ఆయన పుస్తకంలో కుజుడు దీర్ఘవృత్తంలో, అంటే కాస్త సాగిన వృత్తంలో, తిరుగుతున్నాడు.

ఒక్క సంగతి గమనించండి. ఆ 8 కళలు ఆకాశంలో ఎక్కడా లేవు, టైకో చిట్టాలోనూ లేవు. లెక్కను చిట్టా పక్కన పెట్టినప్పుడే అవి పుట్టాయి. అనుభవం 'కాదు' అనాలంటే ముందు బుద్ధి ఏదో ఒకటి గట్టిగా అనాలి.

అన్నదల్లా నిజమవుతుందనీ కాదు. యురేనస్ నడకలో తేడా చూసి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే కాగితం మీదే ఇంకో గ్రహాన్ని లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి, ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే, బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్తకు నెప్ట్యూన్ దొరికింది. అదే ధీమాతో బుధుడి నడకలో తేడాకు సూర్యుడి దగ్గర వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. దశాబ్దాలు వెతికారు, దొరకలేదు. తర్కం రెండుసార్లూ ఒకటే. బుధుడి లెక్కలో మిగిలిపోయిన ఆ తేడా శతాబ్దానికి 43 వికళలు. కళలో అరవయ్యో వంతు ఒక వికళ. 1915లో ఐన్‌స్టీన్ ఏ కొత్త గ్రహాన్నీ తేకుండా, గురుత్వాకర్షణ సూత్రాన్నే మార్చి ఆ లెక్క సరిచేశాడు.