రోన్ బటన్ ఎందుకు రాలేదు? జపాన్ మాజాంగ్‌లో యకు, హాన్ గోల

ముందు స్క్రీన్ మీద ఈ చెయ్యి చూడండి. మంజు అంటే అంకెలున్న ముక్కలు, పింజు అంటే గుండ్రాలు, సోజు అంటే వెదురు. మంజు 1, 2, 3 'చీ' కొట్టి కింద పెట్టాను. ఛీ కాదండీ, చీ! ఎడమ పక్కవాళ్లు పడేసిన ముక్క తీసుకుని వరస కట్టడం. పింజు 9లు మూడు 'పోన్' కొట్టాను, అంటే ఎవరో పడేసిన ముక్క తీసుకుని ఒకే ముక్కలు మూడు చేశాను. చేతిలో సోజు 4, 5, 6, మంజు 2 జత, పింజు 6, 7 ఉన్నాయి. పింజు 5 గానీ 8 గానీ పడితే ఆట నాదే. ఎదుటివాళ్లు పింజు 5 పడేశారు. రోన్ అంటే వేరేవాళ్లు పడేసిన ముక్కతో గెలవడం. ఆ బటన్ రాదే! యాప్ హ్యాంగ్ అయిందేమో అనుకున్నా.

యాప్ బానే ఉంది. నా చేతిలోనే 'యకు', అంటే గెలుపుకు తప్పనిసరైన ప్రత్యేక అమరిక లేదా షరతు, లేదు.

రమ్మీ ఆడేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. అక్కడా 13 ముక్కలే, 14వ ముక్కతో షో. ప్యూర్ సీక్వెన్స్ లేకపోతే మిగతావన్నీ ఎంత బాగా కుదిరినా షో చెల్లదు కదా? ఇక్కడా అంతే. నాలుగు సెట్లు, ఒక జత ఉంటే సరిపోదు, కనీసం ఒక యకు ఉండాలి. డోరా అనే బోనస్ ముక్కలు ఎన్ని ఉన్నా అది బోనస్ మాత్రమే, యకు కిందికి రాదు. అన్నట్టు, బల్ల మీద తిప్పి పెట్టిన ముక్క డోరా కాదు, దాని తర్వాతి ముక్క డోరా. అక్కడ 3 కనిపిస్తే డోరా 4.

యకుల పట్టిక మొత్తం బట్టీ పట్టకండి. నేను పట్టాను, ఒక వారం వేస్ట్. మొదట మూడు చాలు. రీచి: ఏమీ కింద పెట్టకుండా ఒక్క ముక్క దూరంలోకి వచ్చాక 1000 పాయింట్లు బల్ల మీద పెట్టి ప్రకటించడం. తాన్యావ్: చెయ్యంతా 2 నుంచి 8 లోపు ముక్కలే. యకుహై: అంకెలు లేని ముక్కల్లో ఒకే డ్రాగన్ ముక్కలు మూడు, లేదా మీ గాలి (మీరు కూర్చున్న దిక్కు) ముక్కలు మూడు, లేదా ఆ రౌండ్ గాలి ముక్కలు మూడు. నా చేతిలో 1, 9 ఉన్నాయి కాబట్టి తాన్యావ్ పోయింది, చీ, పోన్ కొట్టాను కాబట్టి రీచి పోయింది. ఆత్రం!

ఇప్పుడు పాయింట్లు. ఈ రెండో చెయ్యి చూడండి: మంజు 2, 3, 4, మంజు 5, 6, 7, పింజు 3, 4, 5, పింజు 8 జత, సోజు 6, 7. ఏదీ కింద పెట్టలేదు, రీచి ప్రకటించాను. పక్కవాళ్లు సోజు 5 పడేశారు. హాన్ అంటే చెయ్యి విలువకు కొలత. రీచి ఒక హాన్, తాన్యావ్ ఒకటి, అన్నీ వరసలే, రెండు వైపులా ఎదురుచూపు కాబట్టి పిన్‌ఫు ఇంకొకటి. మూడు హాన్‌లు, 30 ఫు (చెయ్యి అమరికకు వచ్చే చిన్న పాయింట్లు). డీలర్ కాకపోతే 3900.

ఈ 3900 ఎక్కడి లెక్క అని నాకూ చిరాకేసింది. హాన్ పెరిగినప్పుడల్లా మొత్తం రెట్టింపు అవుతుంది, ఆ తర్వాత వందకు పైకి రౌండ్ చేస్తారు. 960 కాస్తా 1000, 1920 కాస్తా 2000, 3840 కాస్తా 3900, 7680 కాస్తా 7700. ఇక్కడ డోరా పింజు 4 అయితే నాలుగో హాన్ వచ్చి 7700 అవుతుంది. ఐదో హాన్ వస్తే మాంగన్, 8000. అంటే ఆ ఐదో హాన్‌కు దక్కేది 300 మాత్రమే! ఆ పైన 6కి హనేమన్ 12000, 8కి బైమన్ 16000, 11కి సన్‌బైమన్ 24000, చివర యకుమన్ 32000. అందరూ మొదలుపెట్టేది 25000తో కాబట్టి, యకుమన్ పడితే ఎదుటివాడి పని ఖాళీ. ఫు లెక్క మాత్రం యాప్‌కి వదిలేయండి, నేనింకా వేళ్ల మీదే లెక్కపెడుతున్నా.

అదే రెండో చెయ్యి, చిన్న మార్పుతో. అదే ఆటలో నాలుగు టర్న్‌ల ముందు నేను సోజు 8 పడేశాననుకోండి. ఇప్పుడు పక్కవాళ్లు సోజు 5 పడేశారు. నేను 5 ఎప్పుడూ పడేయలేదు కదా, రోన్ కొట్టొచ్చా? కుదరదు. ఎదురుచూసే ముక్కల్లో ఏ ఒక్కటి నేనే పడేసినా అది ఫురితెన్. ఇక నా చేత్తో నేనే లాక్కోవాలి.