కాడి కట్టి, లాగొద్దంటే ఎట్లా?

శ్రోతలకు నమస్కారం.

ఈ పొద్దు నేను మాట్లాడబోయేది చాలా చిన్న సంగతి. సరిగ్గా చెప్పాలంటే ఆరు కిలోల సంగతి. మా కుక్క పండుగాడి బరువు అది. తెల్లగా, బొద్దుగా, తోక వీపు మీదకి చుట్టుకుని ఉంటాడు. కొన్నప్పుడు పొమేరియన్ అని చెప్పి ఇచ్చారు. మన ఊళ్లలో పొమేరియన్ అని పిలిచేవాటిలో చాలా మటుకు ఇండియన్ స్పిట్జ్ జాతివేనట. ఆ మాట పండుకి చెప్పలేదు, బాధపడతాడని.

కొన్నది మా చిన్నమ్మాయి. ఆరు నెలలు ముద్దు చేసి, ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోయింది. కుక్క నాకు మిగిలింది. ఈ మాట వింటూ ఎంతమంది అమ్మలు తలూపుతున్నారో నాకు తెలుసు. కొనేది పిల్లలు, తిప్పేది మనం.

మేముండేది కర్నూలు బి క్యాంపులో. 1953 నుంచి 56 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కదా, ఆ రోజుల్లో వెలసిన క్యాంపులు ఇవి. పొద్దున్నే నడవడానికి బాగుంటుంది. బాగుంటుంది, చేతిలో పండుగాడి చైను లేకపోతే! గేటు తీయడం ఆలస్యం, వాడు ముందు, నేను వెనక. చెయ్యి చాపుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ, చూసేవాళ్లకి నేనే వాడి వెంట కట్టిన బండరాయిలా కనబడేదాన్ని. మన వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు జరుగుతాయి కదా, అట్లా. కాకపోతే ఇక్కడ ఎద్దు ఆరు కిలోలు, బండ డెబ్బై.

ఎదురింటి పిల్లలు పందెం కట్టేవాళ్లు. నవ్వుకున్నాం. చానా రోజులు నవ్వుకున్నాం.

ఒకరోజు నవ్వు ఆగిపోయింది. పండుగాడు పంది పిల్లను చూసి ఒక్క ఊపున లాగాడు. మెడ బెల్టు బిగిసింది. వెంటనే దగ్గు. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టు ‘క్వాక్ క్వాక్’మని. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, ఊపిరి కోసం తన్నుకున్నాడు. అరనిమిషం ఉంటుందేమో. నాకు అరగంట అనిపించింది.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ మెడ కింద రెండు వేళ్లతో మెల్లగా తడిమింది. నా చేతి గాజు చూపించి అడిగింది. “అమ్మా, ఈ గాజులో ఒక వైపు చిన్న ముక్క విరిగిపోయిందనుకోండి, ఎట్లుంటుంది?” సందు ఉన్న గాజులా ఉంటుంది. “కుక్క గాలిగొట్టం అట్లాంటి గాజులు వరసగా పేర్చినట్టు ఉంటుంది. ఆ సందుల్ని ఒక పలచటి పొర మూస్తుంది. చిన్న జాతుల్లో కొన్నిటికి ఈ గాజులు మెత్తబడే గుణం ఉంటుంది. మెత్తబడితే గొట్టం లోపలికి అణిగిపోతుంది. మీరు రోజూ దాని మీద బెల్టేసి బిగిస్తున్నారు.”

పొమేరియన్లు, పగ్‌లు, చివావాలు, యార్క్‌షైర్ టెర్రియర్లు, ఇవన్నీ ఆ బాపతే. గొంతు దగ్గర బెల్టు బిగిసినప్పుడు కంటి లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుందని చెప్పింది. బెల్టు వల్లే జబ్బు వచ్చిందని ఆమె అనలేదు. ఉన్నదాన్ని బెల్టు ఎక్కువ చేస్తుంది అంది. మందు రాసిచ్చి, మెడకు చైను తగిలించడం ఈ రోజుతో మానేయండి, ఛాతీ బెల్టు కొనండి అని పంపించింది. హార్నెస్ అంటారు దాన్ని. అంగట్లో బాడీ బెల్టు అన్నా ఇస్తారు.

కొన్నాను. ఎర్ర రంగుది. వీపు మీద మెరిసే రింగు. దానికి చైను తగిలించి, గేటు తీసి, ఇంక మన కష్టాలు గట్టెక్కాయి అనుకున్నాను.

అయ్యా, అమ్మా, వాడు ముందుకంటే ఎక్కువ లాగాడు!

దగ్గు లేదు, అది నిజం. గొంతు మీద ఏమీ లేదు కదా. గొంతు నొయ్యదు కాబట్టి ఇప్పుడు వాడికి అడ్డూ లేదు, అదుపూ లేదు. నాలుగు కాళ్లూ నేలకి తన్ని, ఛాతీ ముందుకు పెట్టి, హాయిగా లాగుతున్నాడు. మా ఆయన వరండాలో పేపరు దించి, “నీ డబ్బుతో వాడికి బలం కొనిచ్చినావు” అన్నాడు.

అప్పుడొచ్చాడు మా వీధి చివరి పెద్దాయన. ఎనభై దాటాయి. నల్లరేగడిలో యాభై ఏళ్లు సేద్యం చేసి, కొడుకు దగ్గరుండడానికి టౌనుకొచ్చాడు. పెద్దనాయనా అంటాను నేను. రోజూ తిన్నె మీద కూర్చుని మా ఊరేగింపు చూస్తుంటాడు. ఆ రోజు చేయెత్తి ఆపాడు.

“ఏమ్మా, ఈ సేద్యం దేనికి?”

“లాగకుండా ఉండాలని కట్టినా పెద్దనాయనా.”

ఆయన వంగి, బెల్టు చూసి, వీపు మీద రింగు వేలితో తట్టి, పళ్లు లేని నవ్వు నవ్వాడు. “నువ్వు దానికి కాడి కట్టినావు గదమ్మా! కాడి కట్టి, లాగొద్దంటే ఎట్లా?”

నేను నిలబడిపోయాను. ఆయన చెప్పుకుపోయాడు. “ఎద్దుకు మూడు ఉంటాయి. పలుపు ఉంటాది, అది కట్టేసేదానికి. కాడి ఉంటాది, అది లాగేదానికి. ముకుతాడు ఉంటాది, అది తిప్పేదానికి. నీకు ఏం కావల్ల?”

నాకు కావల్సింది తిప్పేది. నేను కొన్నది లాగేది. అంతకు ముందు మెడకు కట్టింది పలుపు. పలుపుతో ఎవరన్నా సేద్యం చేస్తారా?

ఆ మధ్యాహ్నం కూర్చుని ఆలోచిస్తే అర్థమయింది. మంచు దేశాల్లో కుక్కలతో స్లెడ్జి బండ్లు లాగిస్తారు, టీవీలో చూసే ఉంటారు. వాటికి కట్టేది ఏమిటి? హార్నెస్సే. బరువు గొంతు మీద పడకుండా ఛాతీకి, ఒంటికి పంచుతుంది, తాడు వెనక నుంచి పోతుంది. లాగడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. మన జట్కా గుర్రానికి ఛాతీకి అడ్డంగా వేసే పట్టీ కూడా అందుకే. వీపు మీద రింగు ఉన్న బెల్టు చెడ్డదని కాదు. కుక్క గొంతును కాపాడుతుంది. కానీ లాగడం మాన్పించదు. ఇవి రెండు వేరు వేరు పనులు. రెండు వేరు పనులని నాకు అంగట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరి ముకుతాడు ఏది? అదీ ఉంది. కొన్ని ఛాతీ బెల్టులకు వీపు మీద ఒక రింగు, ముందు రొమ్ము ఎముక మీద ఇంకో రింగు ఉంటాయి. ఆ ముందు రింగుకు చైను తగిలించాలి. కుక్క ముందుకు దూకిందనుకోండి. తాడు వీపు నుంచి ఉంటే దాన్ని నేరుగా వెనక్కి పట్టుకుంటుంది, అది ఇంకా గట్టిగా ముందుకు తన్నుతుంది. అదే తాడు ఛాతీ ముందు నుంచి ఉంటే, దాని ఒళ్లు పక్కకు తిరిగి మీ వైపు మళ్లుతుంది. లాగాలని చూస్తే తిరిగిపోతుంది. తిరిగాక లాగడానికి దానికి పట్టు దొరకదు. ముకుతాడుతో పోలిక ఇంతవరకే సుమా. ముకుతాడు ఎద్దుకు నొప్పి. ఈ రింగులో నొప్పి లేదు, ఉండకూడదు కూడా. నొప్పి పుట్టించే ముళ్ల గొలుసులు, బిగిసే గొలుసులు కూడా అమ్ముతారు. ఆరు కిలోల ప్రాణానికి అవి వద్దు. నన్నడిగితే అరవై కిలోల ప్రాణానికీ వద్దు.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది ఇది. రింగు ఎక్కడుంది? రంగు కాదు, పూలు కాదు, ఎముక బొమ్మ కాదు. రింగు ఎక్కడుంది?

రెండో బెల్టుకి కొలత తీసుకుని వెళ్లాను. ఒక కంపెనీ స్మాల్ ఇంకో కంపెనీకి మీడియం అవుతుంది. టైలరు టేపు తీసుకుని, ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ, అన్నిటికంటే వెడల్పు ఉన్న చోట కొలవండి. బొచ్చు పైన తేలనివ్వకండి, అట్లాగని నొక్కేయకండి. ముందు పట్టీ ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో రొమ్ము ఎముక మీద కూర్చోవాలి, గొంతు మీదకి ఎగబాకకూడదు. భుజాలకు అడ్డంగా పోయే పట్టీ ఉంటే కుక్క అడుగు సాగదు. చంకల్లో ఒరుసుకోకూడదు. కట్టాక ఏ పట్టీ కిందనైనా మీ రెండు వేళ్లు దూరాలి. రెండే, నాలుగు కాదు.

నాలుగు దూరితే ఏమవుతుందో కూడా చెప్తాను. మొన్న ఎండాకాలంలో, ఎండలకి పాపం అని, ఒకచోట పండుగాడి బొచ్చు బాగా కత్తిరించారు. కత్తిరించొద్దని తర్వాత డాక్టరమ్మ కేకలేసింది, ఈ జాతికి ఆ రెండు పొరల బొచ్చే ఎండను ఆపేదట. సరే, అది వేరే కథ. బొచ్చు పోయింది, బెల్టు వదులైంది, నేను చూసుకోలేదు. మలుపులో వీధికుక్కల గుంపు ఎదురైంది. వీడు భయపడి, నా వైపు మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నక్కాడు. సర్రున బెల్టులోంచి జారిపోయాడు! నా చేతిలో ఖాళీ బెల్టు, చైను. కుక్క లేదు. నా అదృష్టం, వాడు నేరుగా ఇంటికే పరిగెత్తాడు. అప్పటి నుంచి గేటు దగ్గర ఆగి రెండు వేళ్లు పెట్టి చూడందే కాలు బయటపెట్టను. మెడ బెల్టు కూడా తీసేయలేదు. అది వదులుగా, ఫోను నంబరు రాసిన బిళ్లతో అట్లాగే ఉంటుంది. చైను మాత్రం దానికి తగిలించను.

ఇంత చెప్పినా, బెల్టు ఒక్కటే పని చేయదు. ముందు రింగుకు తగిలించిన మొదటి రోజు పండుగాడు గిర్రున తిరిగి, నా మొహం చూసి, మళ్లీ దూకాడు. బెల్టు వాడిని తిప్పుతుంది, నేర్పేది మాత్రం మనమే. నేర్పే పద్ధతి ఒక్కటే. తాడు బిగిస్తే నేను ఆగుతాను. తాడు వదులైతే నేను కదులుతాను. బిగిస్తే ఆగుతాను, వదులైతే కదులుతాను. అరవను, గుంజను. వేపచెట్టులా నిలబడతాను. వాడు విసిగి ఒక్క అడుగు వెనక్కి వేస్తాడు, తాడు సడలుతుంది. ఆ క్షణంలోనే, నా మోకాలి పక్కన, నోటికి ఒక ముక్క. ఉడకబెట్టిన కోడి ముక్క, శనగబద్దంత. మాంసం ముట్టని ఇళ్లలో క్యారెట్ ముక్క, ఉప్పులేని బొరుగులు. బొరుగులంటే ఒట్టి బొరుగులే, ఉగ్గాని కాదు. ఉగ్గానిలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు ఉంటాయి, అవి కుక్క రక్తాన్ని చెడగొడతాయి. ముక్క ఇచ్చే చోటు కూడా ముఖ్యం. ముందుకు చెయ్యి చాపి ఇస్తే ముందుకు రావడమే నేర్చుకుంటాడు. మోకాలి పక్కనే ఇవ్వాలి.

మొదటి రోజు మా గేటు నుంచి మూడో ఇంటికి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వీధిలో వాళ్లు నేను దారి మర్చిపోయాననుకున్నారు. నాలుగో రోజు వీధి చివరికి వెళ్లాం. పదో రోజుకు తాడు ఇంగ్లీషు జె అక్షరంలా కిందికి వేలాడింది. పెద్దాయన తిన్నె మీద నుంచి చూసి, “ఇప్పుడు గాడిలో పడింది” అన్నాడు. పంది పిల్ల కనబడిన రోజు మాత్రం అంతా మొదటికొస్తుంది. ఇప్పటికీ వస్తుంది. అట్లాంటి రోజు నేను దూరం పాటించి, రోడ్డు దాటేస్తాను. ఇంట్లో వాళ్లందరూ ఒకే పద్ధతి పాటించాలి. మా ఆయన ఆదివారం లాగనిచ్చి తిప్పితే, సోమవారం నా పని అయిపోయినట్టే.

ఒక మాట వాడి తరఫున కూడా. వాసన చూడనివ్వండి. కుక్కకి నడక అంటే వాసన చూడటమే, మనం పేపరు చదివినట్టు. తాడు వదులుగా ఉన్నంతసేపు ఏ స్తంభం దగ్గరైనా ఆగనివ్వండి. సాగుతూ పోయే తాళ్లు, మీట నొక్కితే చుట్టుకునేవి, ఈ శిక్షణకు పనికిరావు. వాటిలో తాడు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, వదులంటే ఏమిటో కుక్కకి ఎట్లా తెలుస్తుంది? ఆరడుగుల మామూలు తాడు చాలు.

మన కర్నూలు ఎండ గురించి చెప్పక్కర్లేదు. అరచేతి వెనక వైపు తారు రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు. తెల్లారుజామునే పోయి వచ్చేయండి.

ఇంటికి రాగానే బెల్టు తీసేయండి. రోజంతా ఉంచితే చంకల్లో బొచ్చు ఉండలు కడుతుంది, చర్మం ఎర్రబడుతుంది, గోమార్లు అక్కడే దాక్కుంటాయి. నేను రోజూ బెల్టు విప్పి, ఆ పట్టీలు ఆనే చోట బొచ్చు పాయలు తీసి వేళ్లతో చూస్తాను. పండుగాడు అప్పటికే వెల్లకిలా పడుకుని ఉంటాడు, చూసుకో అన్నట్టు. ఇంకో సంగతి, బెల్టు మార్చినా ఆ బాతు దగ్గు ఆగకపోయినా, చిగుళ్లు నీలంగా కనబడినా నడక ఆపి డాక్టరు దగ్గరికే పోవాలి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. మీ ఇంట్లో బెల్టు ఉంటే ఒకసారి తీసి, రింగు ఎక్కడుందో చూడండి. సెలవు. నమస్కారం.